ఎంఎస్ ఉన్నవారి బలం వ్యాయామాలు: బరువు కన్నా వేడితోనే ఎక్కువ జాగ్రత్త

మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎంఎస్) అంటే మెదడు, వెన్నుపాములోని నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. ఇది ఉన్నవాళ్లను ఒకప్పుడు డాక్టర్లే కదలకుండా విశ్రాంతి తీసుకోమనేవారు. ఇప్పుడలా చెప్పడం లేదు. బలం పెంచే వ్యాయామాలు వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో చేస్తే చాలు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో మాత్రం ఆపేయాలి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో న్యూరాలజిస్టు చెప్పాలి.

ముందు వేడి సంగతి. నరాన్ని కప్పి ఉండే ఆ పొరను మైలిన్ అంటారు. అది దెబ్బతిన్న నరంలో, ఒళ్లు కాస్త వేడెక్కినా సంకేతాలు సరిగా సాగవు. చూపు మసకబారుతుంది, కాలు బరువెక్కుతుంది. దీన్ని 1890లో జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ వర్ణించాడు. కొత్తగా నరం చెడినట్టు కాదు, చల్లబడితే తగ్గుతుంది. అందుకే ఉదయం పూట, ఫ్యాన్ కింద, పక్కన చల్లటి నీళ్లు పెట్టుకుని చేయండి.

మొదటి వ్యాయామం కుర్చీలోంచి లేవడం. కుర్చీని గోడకు ఆనించి, పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. దబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే. లేవలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి.

నడకలో పాదం ఈడ్చుకుపోతుంటే, కూర్చుని మడమ నేల మీదే ఉంచి పాదం ముందు భాగం పైకెత్తండి. తర్వాత మోకాలు ఎత్తడం, ఆపైన రెసిస్టెన్స్ బ్యాండ్‌ను (సాగే రబ్బరు పట్టీని) ఛాతీ వైపు లాగడం. చేతి వేళ్లకు తిమ్మిరి ఉంటే బ్యాండ్ జారి మొహానికి తగులుతుంది. పట్టుకునే బదులు మణికట్టుకు వదులుగా చుట్టుకోండి. డంబెల్ కన్నా అదే నయం.

ఒక్కోటి వరసగా 10 నుంచి 15 సార్లు చేస్తే ఒక సెట్, మొదట ఒక్క సెట్టే. సెట్ల మధ్య రెండు నిమిషాలకు తగ్గకుండా ఆగండి. బలహీనంగా ఉన్న వైపుతోనే మొదలుపెట్టండి. అది ఎన్నిసార్లు చేయగలిగితే రెండో వైపూ అంతే. ఇంకో రెండుసార్లు చేయగలననిపించినప్పుడే ఆపాలి. కాలు వణికినా, పాదం నేలకు తట్టుకోబోయినా ఆ రోజుకు అంతే.

రెండు వారాలు వరసగా 15 సార్లు సులువుగా వస్తే రెండో సెట్ కలపండి, ఆ తర్వాతే గట్టి బ్యాండ్. రెండూ ఒకేసారి పెంచితే మర్నాడు మంచం దిగడం కష్టమవుతుంది. అలసట మర్నాటికీ తగ్గకపోతే ఈసారి మూడో వంతు తగ్గించండి. కొత్త లక్షణం ఏదైనా 24 గంటలు దాటినా పోకపోతే అది వేడి వల్ల కాదు, డాక్టరుకు చెప్పాలి.