విడాకుల గురించి లాయర్‌తో ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి

మా అక్క విషయంలో మేం చేసిన మొదటి తప్పు, ఏ కాగితమూ లేకుండా, ఏడుపు మాత్రం మూటగట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లడం. గంటన్నర సేపు అత్తగారు సంక్రాంతికి ఏమందో, బావ ఎప్పుడెప్పుడు చెయ్యెత్తాడో, తోడికోడలు ఎవరి నగలు పెట్టుకుని ఏ పెళ్లికి వెళ్లిందో అన్నీ చెప్పుకున్నాం. ఆయన ఓపిగ్గానే విన్నాడు, చివర్లో "498 వేసేద్దాం, వాళ్లే దిగొస్తారు" అన్నాడు, అంటే భర్తా అత్తింటివాళ్లూ వేధించారని పెట్టే క్రిమినల్ కేసు. పెళ్లి ఏ ఊళ్లో జరిగింది, ఇద్దరూ చివరిసారి కలిసి ఎక్కడున్నారు, బంగారం ఎవరి లాకర్లో ఉంది, బాబుకి ఎన్నేళ్లు, ఇవేవీ ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. తర్వాత వెళ్లిన లాయర్ మేడం మొదటి పది నిమిషాల్లో అడిగినవి సరిగ్గా ఇవే.

ఆవిడ ఇంకో మాట అంది. మీరు ఒక్క కేసు అనుకుని వచ్చారు గానీ ఇందులో ఐదు గొడవలున్నాయి, పెళ్లి రద్దు, నెలనెలా ఖర్చు, పిల్లాడు, ఉండే ఇల్లు, బంగారం, ఒక్కోదానికీ దారి వేరు అని. ఫ్యామిలీ కోర్టు వరండాలో నాలుగు వాయిదాలు కూర్చుంటే ఆ మాట మీకే అర్థమవుతుంది. ఒకే మొగుడూపెళ్లాల మీద ఎఫ్‌సీఓపీ అని ఒక నంబరు, ఎంసీ అని ఒక నంబరు, మెజిస్ట్రేట్ కోర్టులో డీవీసీ అని మరో నంబరు ఉంటాయి. మొదటిది విడాకులది, రెండోది మనోవర్తిది, మూడోది గృహహింస చట్టం కింద వేసింది.

అందుకని లాయర్‌ని కలిసే ముందు రోజు కూర్చుని రెండు పేజీలు రాసుకోండి. కథ వద్దు, తేదీలు చాలు. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో, రిజిస్టర్ చేయించారా, కాపురం పెట్టిన ఊళ్లు, చివరిసారి కలిసున్న రోజు, పెద్ద గొడవలు జరిగిన తేదీలు, అప్పుడు చూసినవాళ్లెవరు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఆసుపత్రి చీటీలు, స్టేషన్లో ఏదైనా ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని నకలు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్ మార్చేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫోన్ చేతిలో ఉంటేనే ఆ పని సాఫీగా అవుతుంది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటల్ని కూడా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీరు కోపంలో ఫోన్లో అన్నవి కూడా అటువైపు నుంచి రావచ్చు. మీకు నష్టం చేసే సంగతులు ఉంటే అవి ముందుగా మీ లాయర్‌కే చెప్పండి. ఆ రహస్యం కాపాడటం ఆయన బాధ్యత, అదే సంగతి క్రాస్ ఎగ్జామినేషన్లో బయటపడితే మాత్రం ఆయన కూడా ఏమీ చేయలేడు.

మొదట తేలాల్సింది మీకు ఏ చట్టం వర్తిస్తుందన్నది. హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం, రిజిస్ట్రార్ ఆఫీసులో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకున్నవాళ్లకు 1954 చట్టం, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం. ముస్లిం మహిళలకు 1939 చట్టం ఉంది, ఖులా, అంటే భార్యే అడిగి తీసుకునే విడాకుల దారి కూడా ఉంది. ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 నుంచి నేరం. క్రైస్తవులకు పరస్పర అంగీకారం మీద విడాకులకు రెండేళ్లు విడిగా ఉండాలని చట్టంలో ఉంది, దానిమీద హైకోర్టు తీర్పులు వేరుగా ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క ముక్క మీ లాయర్‌ని గుచ్చిగుచ్చి అడగండి. నాకు దగ్గరగా తెలిసింది హిందూ వివాహ చట్టం, కింద చెప్పేది ఎక్కువ అదే.

ఇంకో సంగతి, ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని స్టాంపు పేపర్ మీద రాయించి ఇద్దరితో సంతకాలు పెట్టించే విడాకుల కాగితం ఉంటుంది చూడండి, అది చాలామంది కొంప ముంచింది. మీ కులంలో అలా విడిపోయే ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. దాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు, పైగా కేసు.

ఇద్దరూ ఒప్పుకుంటే మ్యూచువల్, అంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి. కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి, విడిగా అంటే వేరే ఇళ్లే కానక్కర్లేదు, ఒకే ఇంట్లో ఉన్నా మొగుడూపెళ్లాల్లా కాపురం చేయకుండా ఉంటే చాలు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి చెప్పాలి, పద్దెనిమిది నెలలు దాటనివ్వకూడదు. ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, మధ్యవర్తిత్వం కుదరక, డబ్బూ పిల్లల సంగతీ అన్నీ తేల్చుకున్నవాళ్లకు ఆ ఆరు నెలలు తప్పించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అది కోర్టు ఇష్టం, మన హక్కు కాదు. డిక్రీ, అంటే కోర్టు చివరి ఉత్తర్వు వచ్చేలోపు ఎవరైనా "నాకిప్పుడు ఇష్టం లేదు" అనొచ్చు. అందుకే డబ్బు మొత్తం ముందే ఇచ్చేయడం గానీ, అంతా చివర్లో ఇస్తానంటే నమ్మడం గానీ రెండూ తప్పే. కొంత మొదటిసారి, మిగతాది రెండోసారి కోర్టులో జడ్జి ముందు డీడీ రూపంలో అని రాయించుకోండి. ఎవరెవరి మీద ఏ కేసులున్నాయో నంబర్లతో సహా రాయించండి. క్రిమినల్ కేసు ఉంటే రాజీపడ్డాం అన్నంత మాత్రాన అది దానంతటది పోదు, దాన్ని కోర్టులో ముగించుకునే పని, చాలాసార్లు హైకోర్టులో కొట్టేయించుకునే పని మిగిలే ఉంటుంది, ఆ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే ఉండాలి.

ఒకరు ఒప్పుకోకపోతే సెక్షన్ 13 కింద కారణం చూపించాలి, క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి వెళ్లడం, వివాహేతర సంబంధం లాంటివి. "మా మధ్య ఏమీ మిగల్లేదు" అనేది మాత్రం ఆ జాబితాలో లేదు. 2023 మే 1న సుప్రీంకోర్టు అలాంటి పెళ్లిని రద్దు చేయవచ్చని చెప్పింది గానీ అది 142వ అధికరణం కింద దానికున్న ప్రత్యేక అధికారం, మీ ఊరి ఫ్యామిలీ కోర్టుకి అది లేదు. పెళ్లయి ఏడాది కాకుండా విడాకుల పిటిషనే వేయలేరు, మరీ ఘోరమైన పరిస్థితి ఉంటే తప్ప. ఎక్కడ వేయాలంటే, పెళ్లి జరిగిన చోటో, చివరిసారి కలిసున్న చోటో, అవతలివాళ్లు ఉంటున్న చోటో. భార్య అయితే తానిప్పుడు ఉంటున్న ఊళ్లోనే వేసుకోవచ్చు, ఈ సౌకర్యం 2003లో వచ్చింది. పుట్టింట్లో ఉన్న ఆడపిల్ల వందల కిలోమీటర్లు బస్సులో వాయిదాలకు తిరగాల్సిన పని లేదు. మొదటి లాయర్ మాకు ఈ ముక్క చెప్పనే లేదు.

కాపురానికి రమ్మని నోటీసు వస్తే చాలామంది హడలిపోతారు. అది సెక్షన్ 9. దీన్ని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేస్తే మరుసటి ఏడాది సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. పోలీసులు వచ్చి చెయ్యి పట్టుకుని అత్తారింట్లో దించేదేమీ ఉండదు. కానీ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కలిసి ఉండకపోతే అదే విడాకులకు కారణమవుతుంది. వెళ్లకపోవడానికి సరైన కారణం ఉంటే ఆ డిక్రీ ఉన్నంత మాత్రాన భార్యకు మనోవర్తి ఆపలేరని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ నోటీసైనా సరే, పోస్ట్‌మాన్‌ని వెనక్కి పంపకండి, తీసుకోనంటే అందినట్టే లెక్క, మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ అయిపోతుంది.

డబ్బు దగ్గరికొస్తే, జీతంలో పాతిక శాతం అని ఒకరు, సగం ఆస్తి అని ఒకరు చెబుతారు. చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు, పెళ్లి తర్వాత కొన్నదంతా చెరిసగం అనే పద్ధతి గోవాలో తప్ప మన దేశంలో లేదు. 2020 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణ పత్రంలో రాసివ్వాలి, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కగడతారు. కాబట్టి "కొన్నాళ్లు చూద్దాం" అంటూ పిటిషన్ ఆలస్యం చేస్తే పోయేది మీ డబ్బే. కేసు నడుస్తుండగా ఇచ్చేది సెక్షన్ 24, ఇది భర్త కూడా అడగొచ్చు. విడాకులతో సంబంధం లేకుండా అడిగేది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విధాన చట్టం) 125, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ అనే చట్టంలో అది 144. లాయర్లు ఇంకా 125 అనే అంటారు, కంగారు పడకండి. మధ్యలో ఉద్యోగం మానేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదని అవతలి లాయర్లు సలహా ఇస్తుంటారు, జడ్జిలు అలాంటివి చూసీచూసీ ఉన్నారు.

ఇల్లు ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, అందులో ఉండే హక్కు ఎవరికుందన్నది ఇంకో ప్రశ్న. గృహహింస చట్టం, 2005 కింద, కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే భార్య అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బంగారం సంగతైతే, పుట్టింటివాళ్లు పెట్టినవీ, పెళ్లిలో ఆమెకు వచ్చినవీ ఆమె సొంతం, స్త్రీధనం. అయితే సొంతమని చెప్పడం వేరు, చూపించడం వేరు. మా నాన్న కొన్న నగల బిల్లులు అమ్మ పాత డైరీలో మడిచిపెట్టి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే పెళ్లి వీడియో ఆపి ఆపి గాజులు లెక్కపెట్టే పరిస్థితి వచ్చేది.

పిల్లల విషయంలో కోర్టు అడిగే ప్రశ్న ఒక్కటే, పిల్లాడికి ఏది మంచిది అని. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారు, అంతమాత్రాన తండ్రికి చూసే హక్కు పోదు. ఆదివారాలు, దసరా సెలవులు, ఎండాకాలం సెలవులు, వీడియో కాల్ ఎన్నింటికి, పాస్‌పోర్టుకి సంతకం ఎవరు పెట్టాలి, ఇవన్నీ కాగితం మీద పెట్టించండి. "వీలైనప్పుడు చూడవచ్చు" అని రాస్తే ప్రతి శనివారం సాయంత్రం ఒక గొడవ ఖాయం. పిల్లాడి ఖర్చు తల్లి వద్దన్నా పోయేది కాదు, అది పిల్లాడి హక్కు. పిల్లాడికి అవతలివాళ్ల మీద మాటలు నూరిపోస్తే జడ్జి గదిలో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక ఆ 498. ఇప్పుడది పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ చట్టంలో సెక్షన్ 85. నిజంగా కొట్టి, కట్నం కోసం వేధించి ఉంటే వేయాల్సిందే, అందులో మొహమాటం అక్కర్లేదు, ప్రమాదంలో ఉంటే ముందు 181కో 112కో ఫోన్ చేయండి, లాయర్ తర్వాత. కానీ బేరానికి కేసు వేస్తే అది ఏళ్లతరబడి మనల్నే వెంటాడుతుంది, వేరే ఊళ్లో ఉన్న ఆడపడుచు పేరు కూడా రాస్తే అసలు ఫిర్యాదు మీదే అనుమానం వస్తుంది. 2014 నుంచి పోలీసులు వెంటనే అరెస్టు చేయడమూ లేదు, కాబట్టి "వాళ్లే దిగొస్తారు" అనేది పాత లెక్క.

ఫీజు మొదటిరోజే అడగండి, మొత్తమా, వాయిదాకింతా, గుమస్తా ఖర్చులు వేరా, రసీదు ఇస్తారా. వచ్చే భరణంలో ఇంత శాతం అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి, అలా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం, శాతం లెక్కన ఫీజు వసూలు కుదరదని 2017లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్‌ని మార్చుకోవచ్చు, బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు ఆయనకు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు మాత్రం ఎవరికీ పెట్టివ్వకండి. కేసు నంబరు వచ్చాక ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్, అంటే ప్రతి కేసుకీ ఇచ్చే 16 అక్షరాలు, అంకెల నంబరు కొడితే తర్వాతి వాయిదా మీకే కనిపిస్తుంది, "లాయర్ గారు ఫోన్ ఎత్తట్లేదు" అనే టెన్షన్ సగం తగ్గుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్న ఒకాయన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. మన చట్టంలో లేని కారణంతో, అవతలివాళ్లు ఆ కోర్టుకి నిజంగా ఒప్పుకోకుండా వచ్చిన డిక్రీకి ఇక్కడ విలువ ఉండదు. అక్కడా ఇక్కడా ఇద్దరు లాయర్లతోనూ మాట్లాడాకే అడుగు వేయండి.

డిక్రీ వచ్చిన రోజు మావాళ్లంతా అయిపోయిందన్నారు, లాయర్ మేడం మాత్రం అప్పీలు గడువు దాటేదాకా సంబంధాల మాట ఎత్తొద్దంది, సర్టిఫైడ్ కాపీలు కూడా ఒకటికి నాలుగు తీసుకోమంది. ఒకటి బ్యాంకుకి, ఒకటి పాస్‌పోర్టుకి వాడాం. మిగిలిన రెండూ అమ్మ పాత డైరీలో, నగల బిల్లుల పక్కన ఉన్నాయి.