మన ఊరికి రైలొచ్చిన ఏడాదిని చార్టు మీదకి ఎక్కించడం ఎలా

బడి వార్షికోత్సవానికో, గ్రంథాలయ వారోత్సవాలకో మన గోదావరి జిల్లాల్లో "మా ఊరి చరిత్ర" అని ఒక చార్టు పెడుతుంటారు. రైలు గురించి అందులో ఒకటే ముక్క ఉంటుంది: "1900లో హేవలాక్ వంతెన కట్టారు." ఆ ముక్కతో నాకు పేచీ. కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య గోదారి మీద ఆ రైలు వంతెన పని 1897 నవంబరు 11న మొదలైంది, రైళ్ళు నడిచింది 1900 ఆగస్టు 30 నుంచి. అంతకుముందు ఏం జరిగేదో, వంతెన వల్ల ఎవరికి ఏం మారిందో చెప్పకపోతే అది చరిత్ర కాదు, శిలాఫలకం. సర్వీసంతా సోషల్ చెప్పి, రిటైరయ్యాక కూడా కొవ్వూరులో పిల్లలతో ఇదే పని చేయిస్తున్నాను కాబట్టి నా పద్ధతి చెబుతాను. 1900నే తీసుకుంటాను. మీ ఊరికి కావలసిన ఏడాది వేరే కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఇంట్లో పడున్న పాత శుభలేఖలు పోగుచెయ్యండి. వెనకవైపు తెల్లగా, గట్టిగా ఉంటాయి. ఒక సంగతికి ఒక అట్ట. పైన తేదీ, మధ్యలో సంగతి, కింద కుడి మూలన అది ఎక్కడ దొరికిందో పెన్సిల్‌తో రాయాలి. ఆ మూల ఖాళీగా ఉన్న అట్ట చార్టు ఎక్కకూడదు, ఎంత పెద్దమనిషి చెప్పినా సరే. నోటుబుక్కులో రాసుకుంటే వరస మార్చడం కుదరదు. అట్టలైతే అరుగు మీద పరిచి అటూ ఇటూ జరుపుకోవచ్చు.

అసలు చిక్కంతా తేదీలతోనే. 1900 అంటే ఏ 1900? మన కాగితాల్లో మూడు సంవత్సరాలు కలిసి నడుస్తాయి. ఇంగ్లీషు ఏడాది జనవరిలో మొదలవుతుంది. తెలుగు ఏడాది ఉగాదికి మారుతుంది: 1900 మార్చి ఆఖరు దాకా వికారి, అక్కణ్ణుంచి శార్వరి. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కనక, 2020లో మనం చూసిన శార్వరి నుంచి రెండు చుట్లు వెనక్కి వెళితే సరిగ్గా అక్కడికే చేరతాం. మూడోది ఫసలీ, అంటే భూమి శిస్తు లెక్కల ఏడాది. మద్రాసు ప్రెసిడెన్సీలో కరణం లెక్కలన్నీ ఫసలీలోనే ఉండేవి, అది జులై 1న మొదలవుతుంది. జులై మొదలయ్యాక ఇంగ్లీషు ఏడాదిలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. అంటే వంతెన తెరిచింది శార్వరి భాద్రపదంలో, 1310 ఫసలీలో. 1309 ఫసలీ అని ఉన్న కాగితం 1899 చివరి సగానిదో, 1900 మొదటి సగానిదో లోపలి నెల చూస్తే కానీ తెలియదు. ప్రతి అట్ట మీదా మూడూ వేయించండి. వారం కూడా సరిచూడండి. 1900 ఆగస్టు 30 గురువారం. 1900 లీపు సంవత్సరం కాదు, చేత్తో లెక్క కట్టేవాళ్ళు అక్కడే జారతారు.

రెండో జాగ్రత్త: "రైలు వచ్చింది" అనేది ఒక అట్ట కాదు. బెజవాడ నుంచి కటక్ దాకా సుమారు ఐదు వందల మైళ్ళు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య వేసింది. బెజవాడకి మద్రాసుతో లైను కలిసింది 1899లో. 1901లో వాల్తేరుకి దక్షిణాన ఉన్న భాగం మద్రాసు రైల్వే చేతికి వెళ్ళింది, 1908లో ఆ కంపెనీ సదరన్ మరాఠా రైల్వేతో కలిసిపోయింది. వీటి మధ్యలో చాలామంది వదిలేసే అట్ట ఒకటుంది. గోదారికి ఇటూ అటూ పట్టాలు పడ్డాయి, వంతెన లేదు. అన్నేళ్ళూ మనవాళ్ళు కొవ్వూరులో దిగి, మూటాముల్లెతో ఏరు దాటి, రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కాలి. వరద రోజుల్లో ఆ దాటడం ఎలా ఉంటుందో గోదారి గట్టున పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వంతెన విలువ తెలిసేది ఈ అట్టతోనే, దీన్ని పెద్దక్షరాలతో రాయించండి.

వంతెన అట్టకి పిల్లల్ని కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవుకి తీసుకెళ్ళండి. 1997లోనే రైళ్ళు ఆపేసినా పాత వంతెన ఇంకా నిలబడే ఉంది. 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు), ఒక్కోటి 150 అడుగులు. గుణిస్తే 8,400 అడుగులు, స్తంభాల మందం కలపకుండానే మైలున్నర దాటుతుంది. ఆ లెక్క గట్టు మీద నిలబడి కట్టాలి, క్లాసులో కాదు. పని చూసిన ఇంజనీరు వాల్టన్, అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టినాయన. హేవలాక్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆయనకి ఒక్క లైను చాలు.

చుట్టుపక్కల సంగతులు రెండు మూడు మించొద్దు. 1899 జులై 24న కాటన్ దొర పోయారు. రైళ్ళకన్నా పడవలు నడిచే కాలవలే ఈ దేశానికి మేలని జీవితమంతా వాదించిన మనిషి ఆయన, ఆ అట్ట వంతెన పక్కనే ఉండాలి. 1899–1900లో గుజరాత్, రాజపుతానాల్లో ఘోరమైన కరువు. ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళున్నాయి, అక్కడ లేవు.

పుస్తకాలకి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంతో మొదలుపెట్టండి. జిల్లా పేర్లతో మాత్రం జాగ్రత్త. 1900లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం అన్నీ గోదావరి జిల్లాలోవే. 1904లో వాటిని కృష్ణాలో కలిపారు, 1925లో పశ్చిమగోదావరి చేశారు. 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజెటీరు తెరిచి తణుకు ఏదీ అంటే లాభం లేదు.

ఇంట్లో దొరికే ఆధారం వీటన్నిటికన్నా నాకిష్టం. పాత క్రయ దస్తావేజు తీసి చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, చదవండి. తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన బోదె అని రాసుకునే చోట, తర్వాతి దస్తావేజులో "ఉత్తరం రైలు కట్ట" అని వస్తుంది. ఆ రెండు దస్తావేజుల మధ్య ఎప్పుడో రైలు మీ పొలం దాకా వచ్చిందన్నమాట. సర్వే నంబర్లు, పేర్లు చార్టు మీద పెట్టకండి, హద్దుల వాక్యం ఒక్కటి చాలు. చాగల్లు, పశివేదల వైపు లైను పక్క పొలాలున్న ఇళ్ళల్లో అడిగి చూడండి.

పట్టాలు పడ్డ సంగతులే కాదు, పీకేసినవీ రాయాలి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో పడింది. రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు ఊడదీసుకుపోయారు. మళ్ళీ రైలు తిరిగింది 2004లో. ద్రాక్షారామం, రామచంద్రపురం వైపు వాళ్ళు చార్టు చేస్తే ఈ మూడు అట్టలూ ఒకే వరసలో అంటించి, 1940కీ 2004కీ మధ్య ఖాళీని ఖాళీగానే వదలండి. ఆ ఖాళీ కింద, అన్నేళ్ళు కోటిపల్లి నుంచి కాకినాడకి దేని మీద వెళ్ళేవారో ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి వాళ్ళ మాటల్లోనే రాయించండి.