పిస్టల్ మొరాయిస్తోందా? తూటా ఎక్కకపోవడానికి కారణం పట్టుకోవడం ఎలా

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటా ఇరుక్కోగానే చాలామంది చేసే పని ఒకటే: స్లైడ్‌ని (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని) బలంగా లాగి వదలడం. ఇరుక్కున్న తూటా ఎగిరి కిందపడుతుంది, దాంతోపాటు అసలు కారణం చెప్పే ఆనవాలు కూడా పోతుంది. అందుకే షూటింగ్ రేంజ్‌లో పిస్టల్ ఆగిన క్షణంలో ముందు చేయాల్సింది చూడడం. గొట్టం గురివైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి పూర్తిగా తీసి, తూటా ఏ భంగిమలో ఆగిందో గమనించండి. మ్యాగజైన్‌లో (తూటాలు పేర్చే డబ్బాలో) అది ఎన్నో తూటానో కూడా గుర్తుపెట్టుకోండి.

ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే గొట్టాన్ని గురివైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. శబ్దం మామూలుకన్నా పేలవంగా వస్తే కాల్చడం అక్కడితో ఆపేయాలి. బుల్లెట్ (తూటా ముందుండి ఎగిరివెళ్లే ముక్క) గొట్టంలోనే నిలిచిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది.

ఆగిన తీరు ఏం చెబుతుంది?

తూటా ముక్కు కిందికి వాలి ర్యాంప్‌కి (తూటాని గొట్టంలోకి నడిపించే ఏటవాలుకి) గుచ్చుకుని ఉంటే అనుమానం మొదట మ్యాగజైన్ మీదికే వెళ్లాలి. స్లైడ్ మూసుకుపోయినా చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉంటే, స్లైడ్ తూటాని అందుకోలేదన్నమాట: మ్యాగజైన్ పూర్తిగా దిగలేదు, లేదా దాని స్ప్రింగ్ నీరసించింది. స్లైడ్ రెండు మూడు మిల్లీమీటర్ల ముందు ఆగిపోతే చాంబర్‌లో మసి, కొలత తప్పిన తూటా, స్లైడ్‌ని ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ అరుగుదల చూడాలి. కాలిన తూటా ఖాళీ తొడుగు చాంబర్‌లోనే ఉండి దాని వెనక కొత్త తూటా గుద్దుకుంటే అది తూటా ఎక్కడంలో లోపం కాదు, పాతది బయటికి రాకపోవడం. తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, చాంబర్ శుభ్రత చూడండి.

అలా రెండూ ఇరుక్కున్నప్పుడు స్లైడ్‌ని వెనక్కి లాగి లాక్ చేసి, మ్యాగజైన్‌ని గట్టిగా పీకి తీసేసి, స్లైడ్‌ని మూడుసార్లు ఆడించి, చాంబర్‌ని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. కదలకుండా బిగుసుకుపోయిన స్లైడ్‌ని సుత్తితోనో గోడకో కొట్టొద్దు. గొట్టాన్ని గురివైపే ఉంచి రేంజ్ అధికారిని పిలవండి.

మొదటి అడుగు: మ్యాగజైన్

ఎక్కువ కేసుల్లో గుట్టు ఇక్కడే ఉంటుంది. ఒక్కో మ్యాగజైన్ అడుగున 1, 2, 3 అని అంకె వేయండి. లోపం ఎప్పుడూ 2వ నంబరుతోనే వస్తుంటే పిస్టల్‌ని విప్పాల్సిన పనే లేదు. మ్యాగజైన్ నిండా ఉన్నప్పుడు మొదటి తూటా మొరాయిస్తే ఒకటి తగ్గించి నింపి చూడండి. స్లైడ్ మూసి ఉండగా నిండు మ్యాగజైన్ పెడితే పైతూటా స్లైడ్ అడుగుకి ఒత్తుకుని, మ్యాగజైన్ గొళ్లెం పూర్తిగా పడకపోవచ్చు. చివరి ఒకటి రెండు తూటాల దగ్గరే ఆగుతుంటే స్ప్రింగ్ మార్చే వేళయింది.

ఖాళీ మ్యాగజైన్‌ని విప్పి, తూటాని పట్టుకునే పైఅంచులు రెండువైపులా సమానంగా ఉన్నాయా, ఎక్కడైనా వంగాయా, పగిలాయా చూడండి. కింద పడ్డ మ్యాగజైన్లకి ఈ జబ్బు ఎక్కువ. వంగిన అంచుల్ని పటకారతో సరిచేయడం కన్నా కొత్తది కొనడం మేలు. లోపలి గోడల్ని పొడిగుడ్డతో తుడవండి, నూనె వద్దు. నూనె మసినీ దుమ్మునీ పట్టుకుని ఫాలోవర్‌ని (తూటాల కింద స్ప్రింగ్ మీద ఉండే పలకని) అడ్డగిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగ్ తిరగబడకుండా చూసుకోండి. తిరగబడితే ఫాలోవర్ ముందువైపు వాలి, ప్రతి తూటా ముక్కు కిందికే దిగుతుంది. శుభ్రం చేశాకే లోపం మొదలైందంటే ముందు చూడాల్సింది ఇదే.

తూటాలు

9 ఎంఎం ల్యూగర్ తూటా మొత్తం పొడవు 29.69 మిల్లీమీటర్లు దాటకూడదు. చేత్తో నింపిన తూటాలైతే కాలిపర్‌తో కొలవండి. ఆ తర్వాత గొట్టాన్ని పిస్టల్ నుంచి విడదీసి, ఒక్కో తూటాని చాంబర్‌లోకి జారవిడవండి. టక్కుమని కూర్చోవాలి, వేలితో తిప్పితే తిరగాలి, గొట్టం వంచితే దాని బరువుకే జారిపోవాలి. మధ్యలో పట్టేస్తే తొడుగు మూతి విచ్చుకునే ఉంది, లేదా బుల్లెట్ ముందుకు ఉండిపోయింది. ముక్కుకి గుంట ఉన్న తూటాలతోనే ఇబ్బంది వస్తుంటే గుండ్రటి ముక్కువి వేసి చూడండి. అవి సాఫీగా ఎక్కితే పిస్టల్‌కి ఆ ఆకారం పడడం లేదని తేలిపోతుంది.

పట్టు

మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్‌తోపాటు పిస్టల్ మొత్తం వెనక్కి కదిలి, స్లైడ్ పూర్తి దూరం వెళ్లదు. తేలికపాటి చిన్న పిస్టళ్లలో ఇది ఎక్కువ. బొటనవేలు స్లైడ్‌కి రాసుకున్నా అంతే. వేరే అనుభవజ్ఞుడు అదే పిస్టల్, అదే మ్యాగజైన్, అవే తూటాలతో కాలిస్తే నిమిషంలో తేలుతుంది.

శుభ్రత, స్ప్రింగ్, కొక్కెం

తూటాలు వేరే గదిలో పెట్టి, పిస్టల్ ఖాళీ అని మళ్లీ చూసుకున్నాకే విప్పండి. చాంబర్‌ని బ్రష్‌తో రుద్దండి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకున్న మసిని చెక్కపుల్లతో గీకి తీయండి. మసి గట్టిపడితే తూటా అడుగు అంచు కొక్కెం కిందికి జారలేదు, స్లైడ్ చివర్లో ఆగుతుంది. నూనె స్లైడ్ పట్టాల మీద, గొట్టం బయట రుద్దుకున్న గుర్తుల మీద ఒక్కో చుక్క చాలు. చాంబర్‌ని మాత్రం పొడిగా ఉంచాలి.

రీకాయిల్ స్ప్రింగ్‌ని తయారీదారు చెప్పిన రౌండ్ల లెక్క ప్రకారం మార్చండి. గట్టిదైతే బాగా తోస్తుందని ఎక్కువ బలమున్నది వేయకండి. స్లైడ్ మరీ వేగంగా తిరిగొచ్చి, తూటా పైకి రాకముందే దాటిపోతుంది. 1911 మోడల్ తరహా పిస్టల్‌లో తూటాని నేరుగా చాంబర్‌లో వేసి స్లైడ్ వదిలే అలవాటుంటే మానుకోండి. అందులో తూటా మ్యాగజైన్ నుంచి పైకి జారుతూ కొక్కెం కిందికి చేరాలి. అంచు మీదుగా బలవంతంగా ఎక్కించడం వల్ల కొక్కెం పట్టు తప్పుతుంది.

ర్యాంప్‌ని ఇసుకకాగితంతో మెరిపించాలనే ఆలోచన రానివ్వకండి. దాని కోణం మారితే తొడుగు అడుగుభాగానికి ఆసరా తగ్గి, పేలినప్పుడు అక్కడే పగలొచ్చు. ఆ పని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌ది.

ఒకేసారి ఒక్కటే మార్చి పరీక్షించండి. స్ప్రింగూ తూటాలూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు పేలని డమ్మీ తూటాలతో స్లైడ్‌ని చేత్తో ఆడించి చూసి, ఆపైన రేంజ్‌లో ప్రతి మ్యాగజైన్‌నీ నిండుగా నింపి చివరి తూటా దాకా కాల్చండి. ఆగితే మ్యాగజైన్ నంబరు, తూటా రకం, ఎన్నో తూటా అన్నది అక్కడికక్కడే రాసుకోండి. గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమూ, ఆ మ్యాగజైన్లూ వెంట తీసుకెళ్లండి.