రీఫ్ ట్యాంకుకి లైటు: మన ఎండల్లో ఏది కొనాలి, ఎంత వెలిగించాలి

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, కొన్న రోజే లైటు కూడా కొనేయడం చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను. నల్లగొండలో మా హాల్లో మూడడుగుల ట్యాంకు పెట్టినప్పుడు, అంటే 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు, లెక్కకు 190 లీటర్లు, లైటు గురించి నాకు తెలిసింది ఒక్కటే, ఎంత ఎక్కువుంటే అంత మంచిదని. హైదరాబాద్ పోయి 165 వాట్ల ఎల్‌ఈడీ డబ్బా తెచ్చి, రెండు నాబ్‌లూ చివరిదాకా తిప్పి వెలిగించాను. హాలు మొత్తం నీలంగా మెరిసిపోయింది, పక్కింటి పిల్లలు వరుసకట్టి చూశారు. వారం తిరగకముందే, చొక్కా గుండీల్లా విచ్చుకోవాల్సిన జోవాలనే మెత్తటి పగడాలు పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయాయి, వాటి ఆకుపచ్చ అంచులు గంజి రంగుకు వచ్చాయి. మష్రూమ్ పగడం ఒకటి రాయిని వదిలేసి, రోజుకింత జరుగుతూ జరుగుతూ పోయి రాయి వెనక నీడలో కూర్చుంది. దానికున్న తెలివి నాకు లేకపోయింది.

జరిగింది ఇది. పగడం జంతువే అయినా దాని ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురముంటుంది, వెలుతురుతో అది వండుకున్న దాంట్లోంచే పగడానికీ పెడుతుంది. వెలుతురు మితిమీరితే ఆ వంటే విషమవుతుంది, నాచు కణాల్లో హానిచేసే ఆక్సిజన్ రూపాలు పేరుకుపోతాయి, అప్పుడు పగడం ఆ నాచుని బయటికి గెంటేసి తెల్లబడుతుంది. బ్లీచింగ్ అంటున్నది దీన్నే. నీళ్లు వేడెక్కినా ఇదే జరుగుతుంది, మే నెలలో మన దగ్గర ఈ రెండూ కలిసి దెబ్బకొడతాయి.

అందుకే లైటు సంగతి పక్కనపెట్టి, ముందు ఏం పెంచబోతున్నారో తేల్చుకోండి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రాతి పగడాలు, అంటే సున్నపు అస్థిపంజరం కట్టుకునేవి, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూలే అది. విసనకర్రల్లా పెరిగే సీ ఫ్యాన్‌లు కూడా అందులోనే ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసిన వాటిని కొన్నా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. ఎవరైనా "ఏం కాదన్నా, తీస్కో" అని అక్రోపోరా అనే రాతి పగడం ముక్క చేతిలో పెడితే దండం పెట్టి వచ్చేయండి. ఇక మనలాంటి వాళ్లకు మిగిలేవి మెత్తటివే: మష్రూమ్‌లు, జోవాలు, లెదర్‌లు, జీనియా. వీటిక్కూడా ఎక్కణ్ణుంచి వచ్చాయో అడిగి బిల్లు తీసుకోండి. నాకైతే ఇందులో బాధపడాల్సిందేమీ కనిపించదు, ఎందుకంటే ఇవి తక్కువ వెలుతురుతో బతుకుతాయి, దాంతో లైటు ఖర్చు, కరెంటు బిల్లు, వేడి మూడూ తగ్గుతాయి.

ఎంత తక్కువ అనేది వాట్లలో చెప్పలేం. వాట్లు చూసి లైటు కొనడం, మోటారు హెచ్‌పీ చూసి పొలంలో నీళ్లెన్ని పారతాయో చెప్పడం లాంటిది. అయిదు హెచ్‌పీ మోటారే అయినా బోరు ఎంత లోతు, పైపు ఎంత లావు, కింద నీళ్లున్నాయా అన్నదాన్ని బట్టే కదా పారేది. లైటూ అంతే, పగడం దగ్గరికి చేరింది ఎంత అన్నదే లెక్క. దాన్ని పార్ అంటారు, కిరణజన్య సంయోగానికి పనికొచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల వెలుతురు ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎంత పడుతోందన్న కొలత. మన మధ్యాహ్నపు నడినెత్తి ఎండ దాదాపు 2000 ఉంటుంది. మష్రూమ్‌లకి 30 నుంచి 80 చాలు, జోవాలకి 60 నుంచి 120 దాకా, లెదర్‌లకి 100 నుంచి 150 వరకు పర్వాలేదు. కొమ్మల్లా పెరిగే రాతి పగడాలకైతే 200 నుంచి 350 కావాలి. ఇంటర్నెట్లో లైట్ల గురించి చదివే సలహాల్లో సగం ఆ రకం పెంచేవాళ్లకోసం రాసినవే, అవి చదివి మష్రూమ్‌లున్న ట్యాంకుకి లైటు కొంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

కొలవడం ఎలా అంటే, అసలైన పార్ మీటరు ఖరీదెక్కువ, ఒక్క ట్యాంకు కోసం కొనమని నేను చెప్పను, ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి. ఫోన్‌లో లక్స్ యాప్ మాత్రం నమ్మకండి. లక్స్ మనిషి కంటి లెక్క, మన కన్ను ఆకుపచ్చని బాగా చూస్తుంది, నీలాన్ని తక్కువ చూస్తుంది, కాబట్టి నీలం లైటు కింద యాప్ తక్కువ చూపిస్తుంది, మీరేమో సరిపోలేదని ఇంకా పెంచుతారు. మీటరు లేనప్పుడు కంపెనీ ఇచ్చే పార్ చార్ట్ ఆధారం, అయితే అందులో రెండు చూడాలి: లైటు ఎంత ఎత్తున పెట్టి కొలిచారు, గాల్లో కొలిచారా నీళ్లలోనా. సరిగ్గా నడుమ పడే పెద్ద అంకె ఒక్కటే రాసి మూలల అంకెలు దాచిన చార్ట్ ఉన్న లైటు నేను కొనను.

ఇక రకాలు. మెటల్ హాలైడ్ బల్బు ఒకప్పుడు రాజు, దాని వెలుతురు నీళ్లలో అలలు అలలుగా కదులుతుంటే చూడ్డానికి నిజంగా బాగుంటుంది, కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో నీళ్ల నెత్తిన 250 వాట్ల పొయ్యి పెట్టుకుంటామా? రోజుకు 9 గంటలు వెలిగిస్తే బల్బు ఒక్కటే నెలకి దాదాపు 68 యూనిట్లు తాగుతుంది, అది పెంచిన వేడిని దించడానికి చిల్లర్ ఇంకొన్ని తాగుతుంది. టీ5 అనే సన్నటి ట్యూబులైట్లు మంచివే, వెలుతురు సమంగా పరుచుకుంటుంది, నీడలు పడవు. కానీ మూడడుగుల ట్యాంకుకి 39 వాట్ల ట్యూబులు నాలుగు పెట్టాలి, తొమ్మిది నెలలకో ఏడాదికో మార్చాలి, ఎందుకంటే కంటికి వెలుగుతున్నట్టే కనిపించినా వాటి రంగూ బలమూ తగ్గిపోతాయి. ఆ ట్యూబులు మన జిల్లాల్లో అడిగితే షాపువాడు మొహం చూస్తాడు. చివరికి మిగిలేది ఎల్‌ఈడీ. సగటున 100 వాట్ల మీద 9 గంటలు నడిస్తే నెలకు 27 యూనిట్లు, వేడి చాలావరకు పైనున్న హీట్‌సింక్ లోంచి గాల్లోకే పోతుంది. అయినా ట్యాంకు మీద గాజు మూత పెట్టకండి, సన్నటి జాలీ వేయండి, మే నెలలో నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. మన వేసవి పొడిది కాబట్టి ఆవిరి బాగా లేచి నీళ్లు రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. తగ్గిన నీటికి ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరైపోదు కదా. బోరు నీళ్లు మాత్రం వద్దు, నల్లగొండ బోర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఎల్‌ఈడీలో రంగు చూసుకోవాలి. మొక్కల ట్యాంకులకి అమ్మే 6500 కెల్విన్ తెల్ల లైటు, గులాబీ రంగు ఎక్కువున్న లైటు, రిమోట్‌తో రంగులు మారే ఆర్‌జీబీ పట్టీలు పగడాలకోసం చేసినవి కావు. పగడంలోని నాచు ఎక్కువగా వాడుకునేది 400 నుంచి 480 నానోమీటర్ల ఊదా, నీలం వెలుతురు, సముద్రంలో లోతుకు దిగేకొద్దీ ఎరుపు ముందే ఇంకిపోయి నీలమే మిగులుతుంది మరి. నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకునే రెండు ఛానళ్లు కనీసం ఉండాలి. నేను నీలం 40, తెలుపు 10 శాతం పెట్టుకున్నాను, నా కళ్లకి హాయిగా ఉంటుంది, పగడాలకీ సరిపోయింది, మీ లైటుకి వేరే అంకె రావచ్చు. ఇంకొకటి, షాపులో పగడం కొనేటప్పుడు తెల్ల లైటు వేయమనండి. ముదురు నీలం కింద నీరసించిన పగడం కూడా పెళ్లి మండపంలా మెరుస్తుంది, ఇంటికి తెచ్చాక అసలు రంగు బయటపడుతుంది.

వెలుతురు పరుచుకోవడం గురించి షాపులో ఎవరూ చెప్పరు. ఒక్క చోట గుంపుగా ఎల్‌ఈడీలున్న లైటు మామూలుగా రెండడుగుల చదరం వరకే బాగా కాస్తుంది, మూడడుగుల ట్యాంకుకి ఒకటే పెడితే నడుమ ఎండ, రెండు పక్కలా చీకటి. పెద్దది ఒకటి కొని మంట పెట్టేకంటే చిన్నవి రెండు కొని తక్కువలో నడపడం నయం, ఒకటి కాలిపోయినా రెండోది ఉంటుంది. లెన్స్ 90 డిగ్రీలదైతే వెలుతురు గుచ్చినట్టు కిందికి దిగుతుంది, 120 డిగ్రీలదైతే పరుచుకుంటుంది. 18 అంగుళాల ఎత్తు ట్యాంకులో మెత్తటి పగడాలకి 120దే తీసుకోండి, నీళ్లకి 8 నుంచి 12 అంగుళాల ఎత్తున వేలాడదీయండి. పైకప్పు స్లాబుకి హుక్కు కొట్టేది నీళ్లు పోయకముందే, డ్రిల్లింగ్ దుమ్ము నీళ్లలో పడ్డాక అనుకుని లాభం లేదు.

కరెంటు దగ్గర కొంచెం ఆగండి. ఎండాకాలంలో మన వోల్టేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు కదా, ఎల్‌ఈడీల కంటే ముందు వాటికి కరెంటు అందించే డ్రైవరే పోతుంది, మంచి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. ఉప్పునీళ్లు కరెంటుని బాగా లాగుతాయి కాబట్టి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పకుండా వేయించండి, వైరు సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కేలా పెట్టండి, వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోంచే కింద పడుతుంది. ఇన్వర్టర్ మీద లైటు పెట్టకండి. ఒకటి రెండు రోజులు చీకట్లో ఉన్నా పగడాలకి ఏమీ కాదు, నీళ్లు కదలకపోతే మాత్రం గంటల్లోనే ఊపిరాడదు, కాబట్టి ఇన్వర్టర్ నీళ్లని కదిలించే పంపుకి, అంటే వేవ్‌మేకర్‌కి ఇవ్వండి. టైమరు కూడా బ్యాటరీ ఉన్న డిజిటల్‌దే కొనండి. తిరిగే చక్రం టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది, రోజుకి గంట చొప్పున నాలుగు రోజులు పోయిందంటే లైటు నాలుగు గంటలు ఆలస్యమవుతుంది. ఒకసారి నాది రాత్రి పన్నెండు దాకా వెలుగుతుంటే అమ్మ లేచి వచ్చి, చేపలకి కూడా నిద్ర లేకుండా చేస్తున్నావని తిట్టింది.

వెలిగించే పద్ధతి. కొత్త ట్యాంకులో బ్యాక్టీరియా సర్దుకునే వారాల్లో, పగడాలే లేనప్పుడు, లైటుతో పనే లేదు, వేస్తే గోధుమరంగు నాచు తప్ప ఏమీ రాదు. పగడం తెచ్చాక బలం 20, 25 శాతంతో, రోజుకి 6 గంటలతో మొదలుపెట్టండి, వారానికి 5 శాతం కంటే ఎక్కువ పెంచకండి, గంటల్ని 8, 9 దగ్గర ఆపండి. డిమ్మర్ లేని లైటైతే దోమల జాలీ రెండు మూడు పొరలు ట్యాంకు మీద పరిచి వారానికో పొర తీసేయండి, నారుకి షేడ్‌నెట్ వేసి అలవాటు చేసినట్టే. కొత్త పగడాన్ని ముందు కింద ఇసుక మీద పెట్టి తర్వాత పైకి జరపండి. కిటికీ ఎండ పడే గోడకి ట్యాంకు పెట్టకండి, ఆ ఎండకి నాబ్ ఉండదు.

తర్వాత అంకెలు వదిలేసి పగడాన్నే చూడండి. జోవాల కాడలు సన్నగా సాగి మెడలు చాస్తుంటే వెలుతురు చాలట్లేదు. రంగు గోధుమలోకి దిగుతున్నా చాలావరకు అదే. రంగు పాలిపోతూ, మధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రం లైటు తగ్గాక విచ్చుకుంటుంటే ఎక్కువైంది, వెంటనే పదిశాతం దించండి. లెదర్ మాత్రం అప్పుడప్పుడూ మైనం లాంటి పొర కట్టుకుని రోజుల తరబడి మూసుకుని కూర్చుంటుంది, పొర వదిలి మళ్లీ తెరుచుకుంటుంది, దానికి టెన్షన్ పడి లైటు మార్చకండి. ఏం మార్చినా పది రోజులు ఆగి చూడాలి, రోజూ నాబ్ తిప్పేవాడి ట్యాంకులో ఏదీ కుదురుకోదు.

నెలకొకసారి లైటు ఆపి, ప్లగ్ తీసి, చల్లారాక లెన్స్ మీది ఉప్పు మరకల్ని ఆర్వో నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి, ఫ్యాన్‌లో పట్టిన దుమ్ము బ్రష్‌తో దులపండి. ఎక్కువకాలం తుడవని లైటుని తుడిచారంటే ఒక్కసారిగా వెలుతురు పెరుగుతుంది, ఆ రోజు పదిశాతం తగ్గించి పెట్టి, వారం తర్వాత మళ్లీ పాత అంకెకి తెచ్చుకోండి.