ఎండుచేపల డబ్బాకీ బుడితి చెంబుకీ వెనిగర్

మాది ఆమదాలవలస. అన్నిటికీ బోరు నీళ్లే. కెటిల్ కొన్న రెండు నెలలకే అడుగున తెల్లటి పెచ్చు కట్టింది. పీచుతో తోమితే గీతలు పడ్డాయి గానీ పెచ్చు ఊడలేదు. అది నీళ్లలోని సున్నం. పులుపు తగిలితేనే కరుగుతుంది.

కెటిల్‌లో సగం వెనిగర్, సగం నీళ్లు, పెచ్చు మునిగేదాకా పోయండి. ఒక పొంగు రానిచ్చి, స్విచ్ ఆపి, అరగంట వదిలేయండి. సన్న బుడగలు లేస్తుంటే సున్నం కరుగుతున్నట్టే. తర్వాత రెండుసార్లు మంచినీళ్లు మరిగించి పారబోస్తే వాసన పోతుంది. కుళాయి మూతికైతే వెనిగర్‌లో తడిపిన గుడ్డ గంటసేపు చుట్టి ఉంచి, కడిగేయండి. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్ చాలు, అందులో ఆమ్లం నాలుగైదు శాతమే ఉంటుంది. చిక్కటి ఎసిటిక్ యాసిడ్ మాత్రం ఇంటికి తేవద్దు, చర్మం కాలుతుంది.

నాకు వెనిగర్ ఎక్కువగా పనికొచ్చేది ఎండుచేపల డబ్బాలకి. సబ్బుతో ఎంత కడిగినా మూత తీస్తే మళ్లీ అదే నీచు. ఆ వాసన క్షార గుణం ఉన్న పదార్థాల నుంచి వస్తుంది, పులుపు కలిస్తే అవి గాలిలోకి లేవవు. మా అమ్మ చేప ముక్కల్ని చింతపండు రసంతో కడిగేది కూడా అందుకే. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి డబ్బాలో పోసి, మూత పెట్టి, బాగా ఆడించి, పావుగంట ఉంచండి. ఆ తర్వాతే సబ్బు. కత్తిపీటకీ, చేతులకీ ఇవే నీళ్లు వాడతాను.

మా శ్రీకాకుళం జిల్లా బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు మా అత్తగారు ఇచ్చింది. నల్లబడితే చెంచా వెనిగర్‌లో అర చెంచా ఉప్పు, ముద్దయ్యేంత గోధుమపిండి కలిపి పట్టిస్తాను. పది నిమిషాలకి కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. రాత్రంతా వదిలేస్తే ఇత్తడిలోని జింకు పోయి ఎర్రమచ్చలు తేలతాయి.

ఒక తప్పు నేను చేశాను, మీరు చేయకండి. వంటింటి కడప బండ మీద జిడ్డు పోతుందని వెనిగర్ పోశాను. కడప బండ సున్నపురాయి. మెరుపు పోయి మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. పాలరాయీ అంతే.

ఇక తాగే సంగతి. ఉద్దానంలో మా పిన్నికి క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థం) పెరిగింది. యాపిల్ సైడర్ వెనిగర్ తాగితే తగ్గుతుందని ఎవరో చెబితే సీసా కొనేసింది. నేను ఫోన్‌లో గట్టిగానే వద్దన్నాను. వెనిగర్ కిడ్నీని బాగుచేయదు. షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, ఒంట్లో నీరు తగ్గే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తాగకూడదు. షుగర్ మరీ పడిపోవచ్చు, పొటాషియం తగ్గిపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లైనా నేరుగా తాగితే పళ్ల మీది ఎనామిల్ అరిగి, గొంతు మండుతుంది. సలాడ్‌లో ఓ చెంచా కలుపుకుంటే సరిపోతుంది. కాలిన చోట, పుండు మీద అసలు రాయవద్దు.

అన్నిటికంటే భయపడాల్సింది బ్లీచింగ్ పౌడర్‌తో. మావైపు తుఫాను వచ్చి వెళ్లాక ప్రతి ఇంట్లో అది ఉంటుంది. బాత్‌రూమ్ ఇంకా తెల్లబడుతుందని దాని మీద వెనిగర్ పోస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, ఊపిరి అందదు. పొరపాటున కలిస్తే తుడుస్తూ నిలబడకుండా వెంటనే బయటికి వచ్చేయండి. మా ఇంట్లో బ్లీచింగ్ డబ్బా పెరటి అరలో, వెనిగర్ సీసా వంటింట్లో ఉంటాయి. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోను.