లినక్స్ డెస్క్‌టాప్‌లో క్యాలెండరు విడ్జెట్ మందగిస్తే: లక్షణం నుంచి కారణం వరకు

ప్యానెల్‌పై ఉన్న గడియారాన్ని నొక్కిన తరువాత నెల పట్టిక తెరుచుకోవడానికి చాలాసేపు పట్టవచ్చు. పట్టిక వెంటనే వచ్చినా, ఆ తేదీల కింద ఉండవలసిన కార్యక్రమాలు ఎంతకీ రాకపోవచ్చు. పక్క నెలకు వెళ్దామని బాణం గుర్తును నొక్కితే తెర మొత్తం బిగుసుకుపోవచ్చు. ఈ మూడూ పైకి ఒకే జబ్బులా కనిపిస్తాయి గానీ, వీటి మూలాలు వేరు, చికిత్సలూ వేరు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఆఫీసుల్లో లోడు తేదీలనూ, ప్రతి నెలా 11న వేయవలసిన జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1నూ, 20న వేయవలసిన జీఎస్టీఆర్-3బీనీ గుర్తుచేసేది ఈ చిన్న పట్టికే అయినప్పుడు, దేవరకొండ వైపు పాఠశాలలో పరీక్షల తేదీలు ఇందులోనే ఉన్నప్పుడు, అది మందగించడాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

చాలామంది ఈ దశలో లినక్స్‌నే తీసివేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. దాని అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. క్యాలెండరు విడ్జెట్ తనంతట తాను చేసే పని చాలా తక్కువ. తేదీలను గళ్ళలో అమర్చడం, వేరే ప్రోగ్రాములు అందించిన కార్యక్రమాలను చూపించడం మాత్రమే దాని బాధ్యత. కాబట్టి ఆలస్యం కనిపించేది విడ్జెట్‌లోనే అయినా, ఆలస్యం చేస్తున్నది దాని వెనుక ఉన్న మరొకటి అయి ఉంటుంది.

మొదట తేల్చుకోవలసినది: పనిచేస్తోందా, ఎదురుచూస్తోందా?

సిస్టమ్ మానిటర్‌ను తెరిచి, ప్రాసెస్‌ల జాబితాను సీపీయూ వాడకం ప్రకారం అమర్చి, దానిని తెరపై ఒక పక్కన ఉంచి గడియారాన్ని నొక్కండి. ఆలస్యం జరుగుతున్న ఆ కొద్ది సెకన్లలో ఏదైనా ప్రాసెస్ ఒక్కసారిగా పైకి ఎగబాకితే కంప్యూటరు ఏదో భారమైన పని చేస్తోందని అర్థం. జాబితా అంతా నిశ్చలంగా ఉండి, విడ్జెట్ మాత్రం తెరుచుకోకపోతే అది నెట్‌వర్క్ కోసమో, డిస్క్ కోసమో ఎదురుచూస్తోందని అర్థం. ఈ తేడాను తేల్చుకోకుండా ఫోల్డర్లు తొలగించడం మొదలుపెడితే, మూలం దొరకకపోగా ఉన్న సమాచారం కూడా పోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: సెట్టింగును బట్టి, నాలుగు కోర్ల యంత్రంలో 25 శాతం అని కనిపించినా ఒక కోర్ పూర్తిగా నిండిపోయినట్టే కావచ్చు. ఆ అంకె చిన్నదని వదిలేయకూడదు.

పైకి వచ్చే ప్రాసెస్ పేరే తరువాతి దారిని చూపిస్తుంది. లినక్స్‌లో వాడే గ్నోమ్, సినమన్ డెస్క్‌టాప్‌లు రెండూ కార్యక్రమాల కోసం, వాటిని దాచి అందించే ఎవల్యూషన్ డేటా సర్వర్ అన్న ప్రోగ్రాము మీద ఆధారపడతాయి. కాబట్టి ఎవల్యూషన్ క్యాలెండర్ ఫ్యాక్టరీ అన్న పేరు పైన కనిపిస్తే సమస్య కార్యక్రమాల సమాచారంలోనే ఉంది. గ్నోమ్ షెల్ గానీ, సినమన్ గానీ, కేడీఈ అన్న మరో డెస్క్‌టాప్‌లో ప్లాస్మా షెల్ గానీ పైన ఉంటే సమస్య చిత్రించే భాగంలో లేదా అదనంగా చేర్చిన ఎక్స్‌టెన్షన్లలో ఉంది. కేడీఈలో మరియాడీబీ లేదా మైఎస్‌క్యూఎల్ సర్వర్ పేరు కనిపిస్తే మెయిల్, క్యాలెండరు సమాచారాన్ని దాచే ఆకొనాడీ సేవను అనుమానించాలి.

లక్షణం: పట్టిక వెంటనే వస్తుంది, కార్యక్రమాలు ఆలస్యంగా వస్తాయి

సీపీయూ ఖాళీగా ఉండి ఈ లక్షణం కనిపిస్తే నెట్‌వర్క్‌ను ఆపివేసి చూడండి. వైఫైని ఆపగానే, ముందే దించుకున్న కార్యక్రమాలు తడుముకోకుండా కనిపిస్తే కారణం దొరికినట్టే. గూగుల్ క్యాలెండర్ వంటి ఆన్‌లైన్ ఖాతా నుంచి జవాబు రావడంలో జాప్యం జరుగుతోంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే కంప్యూటర్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఆలస్యం ప్రతిసారీ దాదాపు 5 సెకన్లు లేదా 10 సెకన్లు ఉంటే డీఎన్‌ఎస్‌ను ముందుగా అనుమానించాలి, ఎందుకంటే లినక్స్‌లో పేరును చిరునామాగా మార్చే భాగం జవాబు ఇవ్వని సర్వర్ కోసం సాధారణంగా 5 సెకన్లు వేచి ఉండి మళ్ళీ ప్రయత్నిస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో వేరే డీఎన్‌ఎస్ చిరునామా ఇచ్చి పరీక్షించవచ్చు.

సెట్టింగుల్లోని ఆన్‌లైన్ అకౌంట్స్ పేజీలో ప్రతి ఖాతాకూ మెయిల్, క్యాలెండరు, కాంటాక్టులకు విడివిడిగా స్విచ్‌లు ఉంటాయి. అక్కడ వాడని ఖాతాల క్యాలెండరు స్విచ్‌ను ఆపివేయాలి. ఉద్యోగం మారినవారి పాత ఖాతా, పాస్‌వర్డ్ మారిపోయిన ఖాతా అక్కడే మిగిలి ఉంటే డేటా సర్వర్ వాటి తలుపు తడుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ నుంచి చందాగా చేర్చుకున్న ఐసీఎస్ ఫైళ్ళ (కార్యక్రమాల జాబితా ఫైళ్ళ) విషయంలోనూ జాగ్రత్త అవసరం. సర్వర్‌తో క్యాలెండరును కలిపే కాల్‌డావ్ పద్ధతిలో మారిన కార్యక్రమాలను మాత్రమే అడిగి తెచ్చుకునే వీలుంటుంది గానీ, ఐసీఎస్ చందాలో ఒక్క అక్షరం మారినా ఫైలు మొత్తాన్ని మళ్ళీ దించుకోవలసి వస్తుంది. అలాంటి చందాకు రోజుకు ఒకసారి తాజా చేసుకుంటే చాలు.

కరెంటు పోయి వచ్చిన తరువాత మాత్రమే ఈ లక్షణం కనిపిస్తే కంప్యూటరు లోపలి గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని చూడాలి. అది అయిపోయిన పాత కంప్యూటరు పాత తేదీతో మొదలవుతుంది. ఆ తేదీకి ఆన్‌లైన్ సర్వర్ల భద్రతా ధ్రువపత్రాలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదన్నట్టు లెక్క వచ్చి, సమయం సరిదిద్దుకునే వరకు ఏ ఖాతా కలవదు.

లక్షణం: నెల మార్చినప్పుడల్లా క్యాలెండర్ ఫ్యాక్టరీ సీపీయూను మింగేస్తుంది

మన ప్రాంతపు వాడకంలో ఎక్కువగా పట్టించుకోవలసినది ఇదే అని నా నమ్మకం, ఎందుకంటే దీని మూలం మన పండుగల తీరులోనే ఉంది. జూన్ 2న వచ్చే తెలంగాణ ఆవిర్భావ దినోత్సవాన్ని ఒకసారి రాసి ఏటా పునరావృతం అని పెడితే చాలు. బతుకమ్మ అలా కుదరదు. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్యకు వస్తుంది, సద్దుల బతుకమ్మ దుర్గాష్టమికి వస్తుంది, వాటి ఇంగ్లీషు తేదీలు ఏటా మారతాయి. ఉగాది, బోనాలు కూడా అంతే. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకు ఒకసారి వస్తుంది. అందువల్ల ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు సెలవుల జాబితాను ఐసీఎస్ ఫైలుగా తయారుచేసి పంపుతారు, అందరూ దానిని తమ క్యాలెండరులో కలుపుకుంటారు.

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఐసీఎస్ ఫైళ్ళు పాటించే ఐకేలెండర్ ప్రమాణం ప్రకారం ప్రతి కార్యక్రమానికీ ఒక ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. అదే గుర్తింపుతో సవరించిన జాబితా వస్తే పాతదాని స్థానంలో కొత్తది చేరుతుంది. కానీ స్ప్రెడ్‌షీట్ నుంచి ఫైలు తయారుచేసే పద్ధతుల్లో చాలా వాటిలో ప్రతిసారీ కొత్త గుర్తింపు పుడుతుంది. జాబితాలో ఒక్క సెలవు తేదీ మారిందని ఫైలును మళ్ళీ పంపితే, మిగతా సెలవులన్నీ రెండోసారి కూడా చేరిపోతాయి. కొన్నేళ్ళు గడిచేసరికి ఒకే దసరా పలుమార్లు కనిపించే క్యాలెండరు తయారవుతుంది.

దీనికి తోడు ముగింపు తేదీ లేని పునరావృత కార్యక్రమాలు ఉంటాయి. ముగింపు తేదీ గానీ, ఎన్నిసార్లు అన్న సంఖ్య గానీ ఇవ్వకపోతే ఆ కార్యక్రమం ఎప్పటికీ కొనసాగుతుంది. మీరు ఒక నెలను తెరిచినప్పుడు, ఆ నెలలో అది ఏయే రోజుల్లో పడుతుందో ప్రోగ్రాము నియమాన్ని విప్పి లెక్కకట్టుకోవాలి. ఆ నియమానికి మధ్యలో మినహాయించిన రోజులు, సమయం మార్చిన రోజులు ఎన్నో తోడైతే ఆ లెక్క మరింత పెరుగుతుంది. రోజూ ఉదయం మోగే రిమైండర్‌ను ఎన్నో ఏళ్ళ క్రితం పెట్టి, పని అయిపోయాక ఒక్కొక్క రోజునే తొలగిస్తూ వచ్చినవారి క్యాలెండరులో ఇటువంటి బరువు పేరుకుని ఉంటుంది.

పరిష్కారానికి ముందు నకలు తీసుకోవాలి. కంప్యూటరులోనే ఉన్న క్యాలెండరు, హోమ్ ఫోల్డరులోని దాగిన లోకల్ ఫోల్డరు, అందులో షేర్, ఎవల్యూషన్, క్యాలెండర్, సిస్టమ్ అన్న వరుసలో వెళ్తే ఒక ఐసీఎస్ ఫైలుగా కనిపిస్తుంది. ఫైళ్ళ కిటికీలో కంట్రోల్, హెచ్ మీటలను కలిపి నొక్కితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో భద్రపరచిన తరువాత, పాత పునరావృత కార్యక్రమాలకు ముగింపు తేదీ ఇవ్వాలి, అవసరం లేనివాటిని వరుస మొత్తంగా తొలగించాలి. సెలవుల జాబితాను ఇకపై సొంత క్యాలెండరులో కలపకుండా, ఆ సంవత్సరం పేరుతో ఒక కొత్త క్యాలెండరు తెరిచి అందులో చేర్చుకోవాలి. సవరించిన జాబితా వస్తే ఆ క్యాలెండరును మొత్తంగా తొలగించి కొత్తదాన్ని చేర్చవచ్చు. ఈ ఒక్క అలవాటు చేసే మేలు మరే సెట్టింగూ చేయదు.

2022 జనవరిలో వచ్చిన లినక్స్ మింట్ 20.3 నుంచి సినమన్ క్యాలెండరు ఆప్లెట్ (ప్యానెల్ మీది విడ్జెట్) కూడా కార్యక్రమాలను చూపిస్తోంది. ఆప్లెట్ సెట్టింగుల్లో కార్యక్రమాలను చూపించే ఎంపికను ఆపివేసి చూస్తే, బరువు వాటిదా కాదా అన్నది వెంటనే తేలిపోతుంది. కేవలం తేదీలు చూసుకునేవారు దానిని ఆపివేసే ఉంచుకోవచ్చు.

లక్షణం: కేడీఈ ప్లాస్మాలో మాత్రమే ఆలస్యం

డిజిటల్ క్లాక్ మీద కుడి మీట నొక్కి, దాని అమరికల్లో క్యాలెండరు పేజీని తెరిస్తే ప్లగిన్ల జాబితా ఉంటుంది. సెలవులు, ఖగోళ విశేషాల ప్లగిన్లు కంప్యూటరులోనే లెక్క చూసుకునేవి, తేలికైనవి. పీఐఎం ఈవెంట్స్ ప్లగిన్ మాత్రం ఆకొనాడీ సేవను అడుగుతుంది, ఆకొనాడీ తన వెనుక ఉన్న డేటాబేస్‌ను అడుగుతుంది. ఆ ఒక్క ప్లగిన్ గుర్తును తీసివేసి చూడండి. విడ్జెట్ చురుకుగా మారితే, టెర్మినల్‌లో ఆకొనాడీసీటీఎల్ ఆదేశాన్ని ముందు ఎఫ్ఎస్‌సీకే అన్న పదంతో, తరువాత వ్యాక్యూమ్ అన్న పదంతో నడపాలి. మొదటిది డేటాబేస్‌లోని పొంతన లేని వివరాలను సరిచూస్తుంది, రెండోది దానిని కుదిస్తుంది. రెండింటికీ ఆకొనాడీ నడుస్తూ ఉండాలి. హోమ్ ఫోల్డరు ఉన్న విభాగం పూర్తిగా నిండిపోతే డేటాబేస్ రాయలేక నిలిచిపోతుంది కాబట్టి, డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో ముందే చూసుకోవాలి. కేడీఈ మెయిల్, ఆర్గనైజర్ వాడనివారికి ఆ ప్లగిన్‌తో పని లేదు.

లక్షణం: గడియారం నొక్కగానే తెర మొత్తం బిగుసుకుపోతుంది

గ్నోమ్ షెల్‌లో ప్యానెల్, కిటికీల అమరిక, క్యాలెండరు, ఎక్స్‌టెన్షన్ల కోడు ప్రధానంగా ఒకే వరుసలో నడుస్తాయి. మిల్లు దగ్గర ఒకే వేబ్రిడ్జి ఉన్నప్పుడు ముందు లారీ కదలకపోతే వెనుక ఉన్న లారీలన్నీ ఆగిపోయినట్టే, ఒక ఎక్స్‌టెన్షన్ పని ముగించకపోతే మిగతావన్నీ ఆగుతాయి. వాతావరణం చూపించేవి, గడియారం రూపాన్ని మార్చేవి, పంచాంగం జోడించేవి ముందుగా పరిశీలించదగినవి. ఎక్స్‌టెన్షన్స్ యాప్‌లో పైన ఉన్న ఒక్క స్విచ్‌తో అన్నింటినీ ఆపి, సమస్య పోయిందో లేదో చూడాలి. పోతే, సగం ఎక్స్‌టెన్షన్లను తిరిగి వేసి పరీక్షించి, దోషం ఉన్న సగాన్ని మళ్ళీ సగం చేస్తూ వెళ్తే దోషి త్వరగా దొరుకుతుంది. వేలాండ్ (తెరను చూపించే కొత్త పద్ధతి, పాతది ఎక్స్11) సెషన్‌లో షెల్‌ను మాత్రమే విడిగా తిరిగి మొదలుపెట్టడం కుదరదు కాబట్టి, ప్రతి మార్పు తరువాత లాగౌట్ అయి రావడం మంచిది. సినమన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే డెస్క్‌టాప్ తిరిగి మొదలవుతుంది, తెరిచిన ఫైళ్ళు అలాగే ఉంటాయి.

లక్షణం: పట్టిక ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటుంది, కిటికీలు కదిపినా అంతే

సిస్టమ్ వివరాల పేజీలో గ్రాఫిక్స్ అన్న చోట ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ పని చేయడం లేదు, బొమ్మలన్నీ సీపీయూనే గీస్తోంది. ఉబుంటును సేఫ్ గ్రాఫిక్స్ ఎంపికతో ఇన్‌స్టాల్ చేసిన యంత్రాల్లో గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అడ్డుకునే నోమోడ్‌సెట్ అన్న మాట, కంప్యూటరును మొదలుపెట్టే గ్రబ్ ప్రోగ్రాము అమరికలో మిగిలిపోవడం దీనికి ఒక కారణం. ఆ మాటను గ్రబ్ ఫైలు నుంచి తీసివేసి, అప్‌డేట్ గ్రబ్ ఆదేశం నడిపి, రీస్టార్ట్ చేయాలి. అప్పుడు తెర నల్లగా మిగిలిపోతే, మొదలయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో ఆ మాటను తాత్కాలికంగా తిరిగి చేర్చి లోపలికి వెళ్ళి, సరైన డ్రైవర్‌ను వేయాలి. అది కుదరని చోట యానిమేషన్లను ఆపివేసి, గడియారంలో సెకన్లు చూపించడం మానుకుంటే కొంత ఊరట ఉంటుంది.

కంప్యూటరు వేసిన తరువాత మొదటిసారి మాత్రమే ఆలస్యమై, ఆపైన సాఫీగా నడిస్తే దోషం నెమ్మదైన హార్డ్ డిస్క్‌ది లేదా చాలని మెమరీది. ఎస్ఎస్‌డీ వేయించడమే దానికి నిజమైన మందు.

పైవేవీ సరిపోలకపోతే

కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, అందులో లాగిన్ అయి గడియారాన్ని నొక్కండి. అక్కడ చురుకుగా ఉంటే దోషం మీ హోమ్ ఫోల్డరులో ఉంది. అప్పుడు మాత్రమే, ఆన్‌లైన్ ఖాతాలో చేసిన మార్పులన్నీ సర్వర్‌కు చేరాయని నిర్ధారించుకుని, లాగౌట్ అయి, దాగిన కాష్ ఫోల్డరులోని ఎవల్యూషన్ ఫోల్డరు పేరు మార్చి తిరిగి రావాలి. తొలగించడం కంటే పేరు మార్చడం క్షేమం. కార్యక్రమాలు మళ్ళీ దిగడానికి కొంత సమయం పడుతుంది, ఆ మొదటి ఆలస్యాన్ని చూసి కంగారు పడనవసరం లేదు.

కొత్త ఖాతాలోనూ అదే మందకొడితనం ఉంటే దోషం సాఫ్ట్‌వేర్‌లోనో, యంత్రంలోనో ఉంది. సిస్టమ్ సందేశాలను చూపించే జర్నల్‌సీటీఎల్ ఆదేశాన్ని ఫాలో ఎంపికతో టెర్మినల్‌లో నడుపుతూ గడియారాన్ని నొక్కి, ఆ క్షణంలో వచ్చిన వరుసలను కాపీ చేసుకోవాలి. వాటితో పాటు డెస్క్‌టాప్ వెర్షన్, వేలాండా ఎక్స్11నా అన్నది, సిస్టమ్ మానిటర్‌లో పైకి వచ్చిన ప్రాసెస్ పేరు, నెట్‌వర్క్ ఆపినప్పుడు ఏం జరిగిందన్నది రాసి మీ లినక్స్ పంపిణీ బగ్ విభాగానికి పంపండి. క్యాలెండరు ఫైలును మాత్రం జతచేయవద్దు, అందులో మీ కుటుంబపు, వ్యాపారపు వివరాలు ఉంటాయి.