మోటార్‌హోమ్‌లో ఆఫీసు పనికి బ్యాటరీ లెక్క

అమెరికాలో మోటార్‌హోమ్‌లోనే కాపురముంటూ ఉద్యోగం చేసేవారు, ఆరిజోనా ఎడారిలాంటి చోట కరెంటు కనెక్షన్ లేకుండా బండి నిలిపే ముందు, పనిగంటలకు ఎంత విద్యుత్తు కావాలో తప్పక లెక్కగట్టుకోవాలి. 60 వాట్ల లాప్‌టాప్, 75 వాట్ల ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ 8 గంటలు నడిస్తే 1,080 వాట్-అవర్లు ఖర్చవుతాయి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది సుమారు 1,200 వాట్-అవర్లే; అది లెడ్ యాసిడ్ రకమైతే, ఎక్కువకాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి కాబట్టి, నాలుగున్నర గంటలైనా గడవకముందే ఆపేయాల్సి వస్తుంది. దాదాపు పూర్తిగా వాడుకోగలిగే లిథియం బ్యాటరీ ధర ఎక్కువే అయినా, జీతమే దానిమీద ఆధారపడినప్పుడు ఆ ఖర్చుకు వెనుకాడకూడదని నా గట్టి అభిప్రాయం. లాప్‌టాప్‌ను ఇన్వర్టర్‌కు కాకుండా 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే టైప్-సి ఛార్జర్‌కు తగిలిస్తే, ఇన్వర్టర్‌లో వేడిగా పోయే విద్యుత్తు చాలావరకు ఆదా అవుతుంది. శీతాకాలంలో సోలార్ పలకలను దక్షిణానికి వాల్చి పెట్టండి.